కజ్జికాయకు ఎన్ని కిలోలు

మా అమ్మాయి పెళ్ళి సారెలో నేను పంపిన మురుకులు నూటొక్కటి. కోట నుంచి అల్లూరులోని వియ్యాలవారింటికి చేరేసరికి విరగకుండా మిగిలినవి నలభై మూడు. ఆ లెక్క చెప్పింది మా వియ్యపురాలే. అందరి ముందూ డబ్బాలో చెయ్యి పెట్టి, "వదినా, మురుకులని చెప్పినారే, ఇది పిండి గదా! స్పూన్లు గూడా పంపాల్సింది" అన్నది. రెండేళ్ళలో ఆ మాట పదకొండుసార్లు విన్నాను. ప్రతిసారీ తేదీ రాసుకున్నాను.

అందుకే అమ్మాయి సీమంతం కుదరగానే నిశ్చయించుకున్నాను. ఈసారి నూటొక్కటికి నూటొక్కటీ చెక్కుచెదరకుండా చేరాలి. ఏ ఆకారం ఎంత బరువు మోస్తుందో తేలకుండా సారెకు పిండి కలిపేది లేదు.

మా వారు కిరాణా కొట్టు మూసేసినా తూకపు రాళ్ళు దాచి ఉంచారు. ఒక్కో రకానివి మూడేసి పీట మీద పెట్టి, పైన పళ్ళెం ఉంచి, రాళ్ళు పేర్చాము. మురుకులు రెండు కిలోలకే టపటపమన్నాయి. చుట్టల మధ్య అంతా ఖాళీయే కదా. చెక్కల్లో ఒకటి కాస్త వంకరగా ఉండి, నాలుగో కిలోకి నడుమ విరిగింది. మైసూరుపాకు అయిదు మోసింది గానీ మూలలన్నీ రాల్చుకుంది.

విరిగినవన్నీ మా వారే తిన్నారు.

"మురుకుల లెక్క మీద నాకు నమ్మకం కుదర్లా. ఇంకోసారి చూడరాదా" అన్నారాయన.

"మూడుసార్లు చూసినాం."

"నాలుగోసారి చూస్తే నీ సొమ్మేం పోయింది?"

చివరికి కజ్జికాయలు. పడుకోబెడితే ఆరు కిలోలు. అప్పుడు మా చేలో కాలువ మీది తూము గుర్తొచ్చింది. విల్లులా వంగిన ఆ ఇటుకల మీద కోత మిషను పోయినా ఏమీ కాలేదు. కజ్జికాయలను కూడా వంపు పైకి వచ్చేటట్టు నిలబెట్టి, ఒరగకుండా చుట్టూ బొరుగులు కూరాను. తొమ్మిది కిలోలకు రాళ్ళు అయిపోయాయి. మా వారు రుబ్బురోలు పొత్రం ఎత్తుకొచ్చి పైన పెట్టారు. అయినా నిలిచాయి. ఉన్న కాస్త అనుమానం కూడా తీరాలని, సారెకు చేసేటప్పుడు పైపూరీ మందం రెట్టింపు చేశాను.

దారిలో స్పీడు బ్రేకర్లు ముప్ఫై నాలుగు. డబ్బా మా వారి ఒళ్ళో. ప్రతి గుంతకూ "ఉండాయంటావా?" అని ఆయన, "కదలబాకండి" అని నేను.

వియ్యపురాలు అందరి ముందూ మూత తీసి, బొరుగులు పక్కకు తోసి లెక్కపెట్టింది. నూటొక్కటి. ఒక్కదానికీ అంచు లేవలేదు. మళ్ళీ లెక్కపెట్టింది.

"స్పూన్లు తేలా వదినా" అన్నాను.

ఆమె ఒకటి తీసుకుని కొరికింది. తిప్పి రెండో చివర కొరికింది. తర్వాత వేలితో పన్ను కదిపి చూసుకుంది.

"పగల్లా వదినా, ఒప్పుకుంటా. ఎట్టా తినేది దీన్ని?"

అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. వియ్యపురాలు పచ్చడిబండ తెప్పించి, కజ్జికాయను నిలబెట్టి పట్టుకుని ఒకటి వేసింది. రెండోదీ వేసింది. బండ ఎగిరింది గానీ కజ్జికాయ అట్లాగే ఉంది. చూస్తూ ఊరుకోలేకపోయాను.

"నిలబెడితే ఎన్ని వేసినా దండగ వదినా. పడుకోబెట్టి కొట్టండి."

పడుకోబెట్టి కొట్టింది. ఒక్క దెబ్బకు పొడి పొడి.

ఆమె లోపలికి వెళ్ళి స్పూన్లు తెచ్చింది. పద్నాలుగు.