వరస కలిపిన ఊరు

నాకు ముక్కు మీదే కోపం. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప. సింగపూర్ వచ్చిన రెండో ఏడు, పాసిర్ రిస్‌లో అక్కావాళ్ళ ఫ్లాట్లో ఓ ఆదివారం భోజనాల దగ్గర, నలుగురు స్నేహితుల ఎదుట బావ అన్నాడు: "వీనికి రెజ్యూమే రాసిచ్చింది నేనేబ్బా. లేకుంటే ఇంకా అనంతపురంలో శెనక్కాయలు ఒలుస్తా ఉండేటోడు." అందరూ నవ్వారు. నేను పప్పన్నం సగంలో వదిలేసి, చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని వచ్చేశాను. టాంపనీస్‌లో నా అద్దె గదికీ వాళ్ళింటికీ ట్రైన్లో ఒక్క స్టాపు. అయినా ఆర్నెల్లు ఆ గడప తొక్కలేదు.

అప్పటికి అక్క కూతురికి ఐదో నెల. చెవులు కుట్టించాలి. మా వైపు మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటేనే ఆ పని జరిగేది. మేనమామను నేనొక్కణ్ణే. ఏడో నెలలో అనుకున్నారు, ఆఫీసు పని అన్నాను. తొమ్మిదో నెలలో అన్నారు, జ్వరం అన్నాను.

"పదకొండో నెల దాటితే మళ్ళీ మూడో ఏడు దాకా ఆగాల. పరాయోళ్ళ ఒళ్ళో కూర్చోబెట్టేకి నాకు మనసొప్పదురా," అని అక్క ఫోన్లో ఏడ్చింది.

"చూద్దాంలే," అన్నాను. ఎంత పాపిష్టి మాటో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకు పిలిచి ఉద్యోగాలిచ్చే రోజులవి. ఆఫీసులో అందరూ లండన్, సిడ్నీ ప్రాజెక్టుల కోసం ఎగబడుతుంటే, గాంబియా అనే దేశంలో ఆరు వారాల పనికి నేను చెయ్యెత్తాను. పశ్చిమ ఆఫ్రికాలో ఎక్కడో నది ఎగువన ఉన్న ఊరు, రాజధాని నుంచి ఒక పగలంతా ప్రయాణం. ఆ ఊరి మీద ప్రేమేం కాదు, అక్క ఫోన్లకు అందనని. తీరా వెళ్ళి చూస్తే పని శెనక్కాయల డిపోలో. రైతులు తెచ్చే బస్తాల తూకం కంప్యూటర్లోకి ఎక్కించాలి. దేవుడు నాతో కూడా పరాచికాలాడుతున్నాడనుకున్నాను.

ఊళ్ళో లాడ్జి లేదు. డిపో మేనేజరు తన ఇంట్లోనే గది ఇచ్చాడు. యాభై దాటిన మనిషి, నిదానం. కంప్యూటర్ ఎక్కడ పెట్టాలో అడుగుదామని నా తొందర. ఆయన ముందు చల్లటి నీళ్ళిప్పించి, నా కుశలం మొదలుపెట్టాడు. అమ్మ బాగుందా, నాన్న బాగున్నాడా, ఇల్లు బాగుందా, అక్క బాగుందా. అక్క భర్త? బాగున్నాడు అనక తప్పలేదు. మనసులో తిట్టుకుంటూనే అన్నాను.

భోజనం వేరే సంగతి. చాప మీద ఒకటే పెద్ద గిన్నె, చుట్టూ ఆరుగురం. అన్నం మీద శెనక్కాయల ముద్ద వేసి వండిన చిక్కటి పులుసు. ఎంగిలి అంటూ పెరిగిన వాణ్ణి, చెయ్యి పెట్టడానికి వెనకాడాను. కానీ వాసన మా అమ్మ నూరే శెనక్కాయల పచ్చడి, ఊరుబిండిని గుర్తు చేసింది, ఇక ఆగలేదు. మన అలవాటు ప్రకారం అన్నం, పులుసు కలిసేదాకా ఐదు వేళ్ళతో పిసికాను. అలా పిసుకుతూ పక్కవాళ్ళ భాగం కూడా కలిపేశాను. అక్కడ ఎవరి ముందున్నది వాళ్ళే, మెల్లగా ముద్ద చేసుకుని తినాలి. మేనేజరు భార్య నవ్వాపుకోలేక తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా గిన్నె మధ్యలో ఉన్న మంచి కోడిముక్కలన్నీ ఒక్కొక్కటే నా వైపు తోస్తూనే ఉంది.

మూడో రోజు సాయంత్రం మేనేజరు నాకు తన ఇంటిపేరు ఇచ్చాడు. ఇంటిపేరు లేని అతిథి ఎవరి మనిషో ఊరికి తెలియదట. నాకు తెగ సంబరమైంది.

మర్నాడు డిపోలో ముప్పైమంది రైతుల ఎదుట తూకం వేసే ముసలాయన నన్ను చూపించి, అందరికీ అర్థమయ్యేలా తన భాషలోనూ, నాకోసం ఇంగ్లీషులోనూ అన్నాడు: "ఈ ఇంటిపేరువాళ్ళు వట్టి తిండిపోతులు. ఇతన్ని శెనక్కాయల గుట్ట దగ్గర ఒంటరిగా వదలకండి. సాయంత్రానికి గుట్ట ఉండదు."

జనం విరగబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ శెనక్కాయలే, మళ్ళీ నలుగురిలోనే. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన అంకె చెప్పకపోతే నేను ఎక్కించేది లేదు కాబట్టి పని కూడా ఆగిపోయింది.

చివరికి మేనేజరు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. "తప్పు నాదే. పేరిచ్చాను గానీ, పేరుతో పాటు వచ్చేది చెప్పలేదు. మా ఇంటిపేరుకూ అతని ఇంటిపేరుకూ తాతల నాటి వరస. అతను నన్ను తిట్టొచ్చు, నేను అతన్ని తిట్టొచ్చు. కోప్పడే హక్కు మాత్రం ఇద్దరికీ లేదు."

"నలుగురిలో కూడానా?"

"నలుగురూ లేకపోతే తిట్టి ఏం లాభం?" అని నవ్వాడు. మళ్ళీ అన్నాడు: "మా అమ్మ పోయిన రోజు నేను తల ఎత్తలేకపోయాను. అతనొచ్చి పక్కన కూర్చుని, ఇక గిన్నెలో నీకు పెద్దముక్క ఎవరు తోస్తారురా తిండిపోతూ అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను. ఆ పూట ఆ మాట అనగలిగిన మనిషి ఊళ్ళో అతనొక్కడే."

బావామరదుల పరాచికాల మధ్య పుట్టి పెరిగిన వాణ్ణి, ఇది నాకు పరాయి దేశంలో ఇంకొకాయన చెప్పాలా? సిగ్గుతో చచ్చిపోయాను. ఆర్నెల్లుగా నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని కూర్చున్నాను.

మర్నాడు డిపోకు వెళ్ళగానే ముసలాయనతో, "మీ ఇంటిపేరువాళ్ళు తూకం పనే ఎందుకు పట్టారో తెలిసింది. బస్తా మోయాలంటే బద్ధకం," అన్నాను. ఆయన కాటా వదిలేసి వచ్చి నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. ఆ తర్వాత ఐదు వారాలు ఇద్దరం తిట్టుకుంటూనే పని పూర్తి చేశాం. అంత హాయిగా నేనెక్కడా పని చేయలేదు. బయల్దేరే ముందు ఊళ్ళోని టెలిఫోన్ బూత్ నుంచి అక్కకు ఫోన్ చేశాను. "శుక్రవారం దిగుతా. శనివారం కుట్టిద్దాం." పదకొండో నెలలో ఇంకా వారమే మిగిలింది.

శనివారం పొద్దున పాసిర్ రిస్‌లో తలుపు తీసింది బావే.

"రండి. ప్రయాణం బాగా జరిగిందా? కాఫీ తాగుతారా?" అన్నాడు. కుర్చీ జరిపాడు, ఫ్యాన్ వేశాడు. ఆఫీసు నుంచి పై అధికారి ఇంటికొచ్చినట్టు ఎంత మర్యాద! దారి పొడుగునా కూర్చుకున్న వేళాకోళం గొంతులోనే ఉండిపోయింది. నేను పోగొట్టుకున్నదేమిటో అప్పుడు తెలిసింది. నగల అంగళ్ళుండే సెరంగూన్ రోడ్డు దాకా టాక్సీలో వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

నగల అంగట్లో పాపను ఒళ్ళోకి తీసుకున్నాను. ఆర్నెల్లలో ఎంత బరువెక్కిందో. తమిళాయన చెవి తమ్మె మీద చుక్క పెట్టి, బంగారు తీగ గుచ్చాడు. పాప కెవ్వుమంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"బావా, తప్పు నాదే. ఆ పొద్దు కూడు వదిలి అలిగి పోయుండకూడదు," అన్నాను.

బావ పాప వైపు వంగాడు. రెండో చెవి కూడా అయ్యేదాకా పాప తల పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత నగలాయన వైపు తిరిగాడు.

"అంకుల్, ఇంకో జత తీగలుంటే వీనికి కూడా కుట్టండి. ఇంత పెద్ద చెవులున్నాయి గానీ, మంచి మాట దూరేకి ఒక్క బొక్కా లేదు."

పాప ఏడుపు అంగడంతా వినిపిస్తోంది. దాని తలను గుండెకు అదుముకుని, నేను పడీపడీ నవ్వాను. పక్కన అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.