తరవాణి కుండ తోమిన రోజు

మనవరాలికి విరేచనాలని విరుదునగర్ డాక్టరు ప్రోబయాటిక్ పొడి రాశాడు. నీళ్లలో కలుపుతుంటే సన్నగా పులుపు వాసన వచ్చింది. కోవిల్‌పట్టిలోని మా తరవాణి కుండ గుర్తొచ్చింది. అడుగున కాస్త పులుపు మిగిల్చి రోజూ గంజి పోసే కుండ, మీ ఇళ్లలోనూ ఉండేది కదా?

చిన్నప్పుడు నాకూ ఇలాగే విరేచనాలై అన్నం సయించని రోజుల్లో, కొత్తగా కాపురానికి వచ్చిన మా పిన్ని శుభ్రం కోసమని ఆ కుండ తోమి బోర్లించింది.

"పులుపంతా పాయెనే! బిడ్డకేం పోసేది?" అంది అవ్వ. చెంబు పట్టుకుని, తనతో మాటల్లేని ఎదురింటి గురువమ్మ గడప ఎక్కింది.

"నా కుండలోదీ నీ కుండ పులుపే గదక్కా, అప్పుడు నువ్విచ్చిందే. మన సండా కొట్లాటా దానికేం తెలుసు?" అంటూ గురువమ్మ చెంబు నింపింది.

మర్నాడు ఉప్పేసిన తరవాణి తాగి, ఇంకో గ్లాసు అడిగాను. ఆ మాట చెప్పడానికి అవ్వ మొదట ఎదురింటికే పరుగెత్తింది.