పదోవంతు లెక్క

కోరుట్లల డిగ్రీ చదివేటప్పుడు మాకు కంప్యూటర్ క్లాసు చెప్పిన మేడం, ఏ సంఖ్యనైనా సున్నాలు, ఒకట్లల్లకు మార్పిచ్చేది. పూర్ణసంఖ్య అయితే రెండుతోని భాగించి, శేషాలు కిందికెల్లి పైకి రాయాలె. భిన్నం అయితే రెండుతోని గుణించుకుంట పోవాలె. జవాబు రాంగనే, "ఇగ ఎనకకు తిప్పి చూడు బిడ్డా" అనేది. మొదటి సంఖ్య మళ్ల వస్తేనే బోర్డు తుడిచేది.

వాళ్లాయన జగిత్యాల రోడ్డు మీద యాక్సిడెంట్ల పోయిండు. దినాలు అయిన తెల్లారే మేడం కాలేజీకి వచ్చింది. మేం పలకరియ్యబోతే "పుస్తకాలు తీయుండ్రి" అన్నది.

ఆ రోజు పదోవంతును మార్చుడు మొదలువెట్టింది. అవే సున్నాలు, అవే ఒకట్లు మళ్ల మళ్ల వస్తున్నయి. బోర్డు నిండింది. మేడం ఆగలే, పక్కన గోడ మీద రాయవట్టింది.

నా దోస్తు మెల్లగ లేచింది. "మేడం, గిది ఎంత రాసినా ఒడువది కదా, ఆఖరు రాదు."

"ఔ, ఒడువది," అన్నది మేడం. ఆమె కండ్లల్ల తడి లేదు. చాక్‌పీస్ పక్కకు పెట్టి కుర్చీల కూసున్నది.

గంట కొట్టినంక మేమిద్దరం ఆమె దగ్గరికి పోయినం. మేడం బ్యాగుల నుంచి రెండు టిఫిన్ డబ్బాలు తీసింది.

"పొద్దున ఆయనకు గూడ కట్టిన," అన్నది. "మీరు తినుండ్రి."

ముగ్గురం అక్కడ్నే కూసొని తిన్నం. కూరల ఉప్పు లేదు. అయినా రెండు డబ్బాలు ఖాళీ చేసినం.