అత్త తిరిగిచ్చిన చీర

పోయిన వారం బరంపురం గోసాని నువాగాంలో మా మేనత్త కన్నుమూసింది. పురుషోత్తంపూర్‌లో అప్పుడే కొట్టు తెరుస్తున్న నాన్న, ఫోన్‌లో కబురు విని షట్టరు దించేసి ఆ మెట్టు మీదే కూలబడ్డారు. “అప్ప నిష్టూరంతోనే ఎల్లిపోయింది” అన్నారు. మా వైపు అక్కను అప్ప అంటారు.

నిఘంటువు తీస్తే నిష్ఠూరమంటే కఠినమైన మాట అని ఉంటుంది. ఆ అర్థం రాసినవాళ్ళు మా అత్తను చూసి ఉండరు.

మా ఇళ్ళల్లో శుభకార్యానికి ఆడపడుచును ఇంటికి వెళ్ళి బొట్టు పెట్టి పిలవాలి. నా పెళ్ళి హడావుడిలో నాన్న ఫోన్‌లో పిలిచి ఊరుకున్నారు. అత్త వచ్చింది. నా జడ తనే వేసింది, తలంబ్రాల బియ్యం తనే కలిపింది. భోజనానికి మాత్రం కూర్చోలేదు. నాన్న పెట్టిన బరంపురం పట్టుచీరను తిరిగి అమ్మ చేతిలోనే పెట్టి, “బొట్టెట్టి పిలవనోల సీర నాకెందుకు” అంది.

తర్వాత కూడా నేను పుట్టింటికి వచ్చానని తెలిస్తే చాలు, బస్సెక్కి వచ్చేసేది. మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టేది కాదు. నాన్న ఎదురుగానే ఉన్నా, బీపీ బిళ్ళ వేసుకున్నాడో లేదో మీ నాన్ననడుగు అని నాతో అనేది. నాన్నేం తక్కువ తినలేదు, వేసుకున్నానని చెప్పమ్మా అని ఆయనా నాతోనే అనేవారు. వెళ్ళేముందు దండెం మీది చొక్కాలన్నీ తిరగేసి, ఊడిన గుండీలు కుట్టి వెళ్ళేది. చేతికి ఏ దారం దొరికితే అదే. నాన్న తెల్లచొక్కాలకు ఎర్రదారం గుండీలు అలా వచ్చినవే.

అంత కోపమున్నదానివి ఎందుకొస్తావని ఒకసారి అడిగాను.

“కోపం ఎవులి మీదైనా వస్తాదే. నిష్టూరం మనోల మీదే వస్తాది. పరాయోలు పిలవకపోతే నాకేటి?”

బరంపురంలో పుట్టి పెరిగిన మనిషి, బజారులో బేరమంతా ఒడియాలోనే. తమ్ముడి మీద అలగడం మాత్రం తెలుగులోనే. నాన్న వెళ్ళి ఒక్క బొట్టు పెట్టివస్తే తీరిపోయేది. పెళ్ళయిపోయాక దేనికని పిలవాలి అంటూ సిగ్గుపడి ఆగిపోయారు. ఆయన మీద నాకిప్పటికీ కోపమే.

ముత్తయిదువ పోతే చివరి చీర పుట్టింటి నుంచి రావాలి. అమ్మ బీరువాలోంచి ఆ పట్టుచీరే తీసింది. దారి పొడుగునా నాన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒకటే మాట: బతికుండగా వద్దన్నది, ఇప్పుడు నోరు లేదు కదాని ఎలా కప్పేది?

మేం చేరేసరికి ఎండెక్కింది. ఇంకా ఆలస్యమేమిటని జనం గొణుగుతున్నారు. అత్త కోడలు గుమ్మంలో నాన్న చెయ్యి పట్టుకుని, ఆస్పత్రిలో అత్త తనతో అన్న మాట చెప్పింది.

“నా తమ్ముడు ఆ సీర తెచ్చేదాక నన్ను కదపకండి. నిష్టూరమాడినాను గానీ పుట్టిల్లు ఒగ్గేసినానేటి?”

నాన్న పసిపిల్లాడిలా ఏడ్చారు. చీర కప్పి, కుంకుమ తీసి అత్త నుదుట బొట్టు పెట్టారు. చెవి దగ్గరగా వంగి నెమ్మదిగా అన్నారు.

“అప్పా, మనింట్లో పిల్ల పెళ్ళి. నువ్వు ముందుగా రావాల.”

జవాబు కోసమన్నట్టు కాసేపు అలాగే వంగి ఉండిపోయారు. తెల్లచొక్కా చేతికున్న ఎర్రదారం గుండీ అత్త చెంపకు ఆనుకుని ఉంది.