పన్నెండు గదుల హంతకుడు

గవరయ్య మామకి నవల నచ్చిందనడానికి గుర్తు ఒక్కటే. పేజీ పేజీకీ రాసినవాణ్ణి తిట్టేవాడు. ఎంత తిడితే అంత నచ్చినట్టు.

ఖిదిర్‌పూర్ ఓడల డాకులో క్రేన్ నడిపేవాడు. మా పక్క గదే, అమ్మకి వరసకి అన్న. మేమంతా బెంగాలీ బళ్ళో చదివినవాళ్ళం, తెలుగక్షరాలు కూడబలుక్కోవాల్సిందే. అందుకని ఊరి నుంచి హౌరాలో దిగినవాళ్ళు తెచ్చే హత్యల నవలలు పైకి చదివే హక్కు మామదే. అట్టల మీద నెత్తుటి కత్తులు చూస్తే మామ భార్య కాసులమ్మత్తకి వణుకు. ఇంట్లో ఉన్న ప్రతి పుస్తకానికీ బెంగాలీ పేపరు అట్ట వేసేసేది.

“పదో అంతస్తు నుంచి దూకీసి, లేచి టాక్సీ ఎక్కీసినాడట! మోకాలైనా కొట్టుకుపోలేదేటి? రాసినోడికి బుర్రలేదు!”

“అయితే మానీ మామా.”

“ఆగెహె! తర్వాతెవులు సస్తారో సూడాలి!”

ఎనభై నాలుగో సంవత్సరం వానల్లో, అదే డాకులో పనిచేసే మా నాన్న కూర్మయ్య ఓడ అడుగుకి జారిపడ్డాడు. పొట్టలో దెబ్బ, ఆపరేషనన్నారు. ఆస్పత్రి వరండాలో అమ్మ పొద్దుట్నుంచీ మాట్లాడలేదు, మంచినీళ్ళు ముట్టలేదు. ఆపరేషన్ గది తలుపుకేసే చూస్తోంది. నాన్న కంటే అమ్మని చూస్తేనే నాకు ఎక్కువ భయమేసింది.

మధ్యాహ్నం మామ వచ్చాడు. దారిలో ఊరేగింపు అడ్డమొచ్చి బస్సు ఆగిపోతే నడిచొచ్చాడట. చంకలో పేపరట్ట పుస్తకం. తెరిచి, నోరు వెళ్ళబెట్టి ఉండిపోయాడు. అమ్మ మొహం చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

“హంతకుడు పోస్టుమేన్ పీక నులిమీసినాడు...”

ఆస్పత్రిలో ఇదేం పారాయణమని నాకు ఒళ్ళు మండింది. రెండు పేజీలు తిరిగాయో లేదో, అదే పోస్టుమేన్ ఉత్తరాలు పంచుతున్నాడు.

“రాసినోడికి బుర్రలేదు!” అన్నాడు మామ, చెమట తుడుచుకుంటూ.

నేను పుస్తకంలోకి తొంగి చూశాను.

“ఈ గళ్ళేటి మామా?”

“హంతకుడి ఇంటి ప్లాను. పన్నెండు గదులు.”

కింద అక్షరాలు కూడబలుక్కున్నాను. ఏ... కా... ద... శి. పక్కన రాహుకాలం. పాపం, తొందరలో అత్త పంచాంగం పట్టుకొచ్చేశాడు! నేను నోరు తెరిచేలోపు నా కాలు గట్టిగా తొక్కాడు.

అంతలో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. అమ్మ దిగ్గున లేచి నిలబడింది. లోపల నాన్న పొట్ట కోసి ఉంది.

“జనరేటరుంటాది, కూకో సెల్లీ,” అంటూ మామ గొంతు పెంచాడు. “సీకట్లో హంతకుడు కిటికీలోంచి వొచ్చి, పోస్టుమేన్‌ని పొడిసీసినాడు!”

“అన్నియ్యా!” అమ్మ గయ్యిమంది. “ఆడు ఇందాకే సచ్చిపోనాడు కదా! ఎన్నిసార్లు సంపుతావు?”

పొద్దుట్నుంచీ అదే మొదటి మాట. మామ కళ్ళు తడిశాయి. “అదే నానూ అంతన్నాను!” అన్నాడు సంబరంగా.

లోపల జనరేటరు గుర్రుమంది. అమ్మ కూర్చుని, ముంతలో టీ తాగి, ఆ రచయితని మామకంటే ఎక్కువ తిట్టింది. ఇంకో ఇద్దరు చచ్చాక డాక్టరు బయటికొచ్చాడు. “భొయ్ నేయి, దీదీ,” అన్నాడు. ఇక భయం లేదట.

పదిహేను రోజులకి నాన్న ఇంటికొచ్చాడు. అమ్మ కథంతా చెప్పేసిందేమో, “బావా, హంతకుడెవులు? సదువు,” అని పట్టుబట్టాడు. అవతల అత్త, “మొక్కుకి దినం సూడాలి, నా పంచాంగమేదీ?” అని ఇల్లంతా వెతుకుతోంది. అది చేతిలో పట్టుకున్న మామ గబగబా ఆఖరు పేజీకి తిప్పాడు.

“రాసినోడికి బుర్రలేదు బావా, ఆఖరు రాయనేదు.”

“బుర్రలేకపోతేనేం మామా,” అన్నాను. “రాసినోడు మంచోడు.”

మామ పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. “ఆడి సంగతి మనకెందుకులే గుంటా,” అని గొణిగి, పోస్టుమేన్‌ని మూడోసారి చంపడం మొదలెట్టాడు.