మేడమీద దడి, పాపకు తుపాకి

ఇది ఒక కోట కథ. ఆ కోటను ఎత్తు మీంచి ముట్టడించిన పొరుగువాళ్ల కథ, లోపల చిక్కుకుపోయిన ఒక స్త్రీ కథ, ఆయుధం పట్టిన ఒక బాలిక కథ. ఇలా మొదలుపెడితే మొదటి పేజీ అయినా చదువుతారని నా ఆశ. నిజం చెప్పాలంటే ఇది ఒక ఇంటి మేడమీద ఇనప దడి కట్టిన కథ, ఆ రోజుల్లోనే ఒక పిల్లకు గాలితుపాకి కొన్న కథ. రక్తం ఎక్కడా రాదు. రేకు అంచు తగిలి నా బొటనవేలు కోసుకుంది గానీ, దానికి అప్పుడే పసుపు అద్దేశారు.

మొన్న జెద్దాలో మా గది కిటికీ దగ్గర టీ తాగుతున్నాను. ఎదురింటి మేడమీద ఇద్దరు మనుషులు రేకు పట్టీలు బిగిస్తున్నారు. కింద వీధిలో ఆ ఇంటాయన మెడ రిక్కించి, గాలిలో చెయ్యి తిప్పుతూ ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అంటున్నాడు. కింద నుంచి చూడొద్దు సామీ అని అరవాలనిపించింది. టీ చల్లారిపోతుందని అరవలేదు. రియాద్ దగ్గరి అల్ ఖర్జ్‌లో ఇదివరకు నేను పనిచేసిన ఇల్లు మాత్రం గుర్తొచ్చింది.

ఆ ఇంట్లో నేను డ్రైవర్ని. అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు మీద డ్రైవర్ అనే ఉంటుంది. అయితే సౌదీ ఇంట్లో డ్రైవరంటే గ్యాస్ సిలిండర్ మార్చేవాడు, నీళ్ల మోటారు మీద నాలుగు దెబ్బలు వేసేవాడు, పెళ్లిళ్లకు ఖర్జూరం పెట్టెలు మోసేవాడు, మధ్యలో తీరిక దొరికితే బండి తోలేవాడు. ఇంటాయన పాడి ఫారాలకు దాణా అమ్మేవాడు. ఆయన్ని మేం బాబా అనేవాళ్లం. ఆయన తల్లి ఎడారిలో మేకల మధ్య పెరిగిన మనిషి, ఆవిడ ఇంటిల్లిపాదికీ యుమ్మా, అంటే అమ్మ. ఆయన భార్య మేడమ్. వాళ్లకు బడికెళ్లే కూతురు ఒక్కతే, పాప. వంటింట్లో పిన్ని.

పిన్ని నాకు ఏ వరసలోనూ పిన్ని కాదు. ఆవిడది కొవ్వూరు దగ్గర పల్లె, నాది రాయచోటి. మా రెండూళ్లకు చుట్టరికం కలవాలంటే సముద్రం దాటి రావలసిందే. వచ్చిన మొదటి రోజే నా కంచంలో చింతపండు పులుసు పోసి, ‘తినరా అబ్బాయ్, మొహమాటపడితే పొట్టే మాడుద్ది’ అంది. అప్పటినుంచి పిన్నే. పాప నడక నేర్చింది, అన్నం తినడం నేర్చింది ఆవిడ చేతుల్లోనే. దాంతో పాపకు కొంత తెలుగు కూడా వచ్చేసింది. అది కూడా గోదావరి తెలుగు.

ఆ ఇంట్లో పిన్నికి మేడ ఒక్కటే ఆకాశం. పొద్దువాలే అసర్ నమాజు వేళ దాటాక ఫ్లాస్కు నిండా టీ పట్టుకుని పైకెక్కేది. తలగుడ్డ తీసేసి, జుట్టు ఆరబెట్టుకుంటూ, ఊళ్లో ఉన్న కూతురితో ఫోన్లో మొహం చూసుకుని మాట్లాడేది. పొద్దంతా ఏసీ చలిలో పనిచేసే మనిషికి ఒంటిమీద ఎండ పడేది అక్కడే. అలాంటిది, పక్క స్థలంలో స్తంభాలు లేచాయి. ఒక అంతస్తు అయింది, రెండో అంతస్తు అయింది, దాని మీది పైగదికి మా మేడకేసి ఒక కిటికీ కూడా పెట్టారు. ఆడవాళ్లెవరూ ఇక పైకి వెళ్లొద్దంది మేడమ్. ఆవిడ తప్పేం లేదు, మేడ ఆవిడకూ పోయింది. కాకపోతే ఆవిడకు అక్కగారిల్లుంది, బజారుంది. పిన్నికి బట్టలుతికే మిషను పక్కన ఒక స్టూలుంది. అక్కడి చీకట్లోంచి ఫోన్ చేస్తే కూతురు, ‘అమ్మా, బావిలో ఉన్నావా ఏంటే?’ అందట.

‘కాంట్రాక్టు అయ్యేదాకా ఆగి ఎగ్జిట్ అడిగేస్తాన్రా, ఊరెళ్లిపోతా. గాలాడని చోట ఎలా ఉండమంటావ్?’ అంది పిన్ని ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ.

‘నువ్వు పోతే నేనేం తిని బతకాల పిన్నమ్మా?’ అన్నాను.

‘చూశావా, నా గాలి సంగతి చెబితే నీ పులుసు సంగతి ఏడుస్తావ్.’

నిజమే. కానీ ఆవిడ అడిగేస్తానంటే అడిగేసే మనిషి.

మేడమ్ చెప్పగా చెప్పగా బాబా దడి కట్టించడానికి ఒప్పుకున్నాడు. ఆ ఊళ్లో గోడల మీద, మేడల మీద రేకు దడులు మామూలే. ‘నీకు ఇనుము పని తెలుసా?’ అని నన్నడిగాడు. రాయచోటిలో షట్టర్ల షాపులో కొన్నాళ్లు పనిచేశాను కాబట్టి తెలుసన్నాను. నాకు ఇనుము తెలుసు గానీ ఇనుముకు నేను తెలుసని చెప్పలేను. మొత్తం రేకుతో మూసేద్దామని ఆయన ఉద్దేశం. పిన్ని వంటింటి గుమ్మంలోంచి నాకు మాత్రమే వినపడేట్టు, ‘రేకు మూస్తే పొయ్యే అవుద్దిరా. మా వైపు తాటాకు దడి కడతారు చూడు, గాలొస్తాది, మనిషి కనపడడు. అలా చెప్పు’ అంది. నేను నా సొంత ఆలోచనలా చెప్పాను. సందు వదిలి అడ్డంగా, ఏటవాలుగా ఇనప పట్టీలు బిగించడానికి ఒప్పందమైంది. వెల్డింగుకు ఒక బంగ్లాదేశీ భాయ్ వచ్చాడు.

పట్టీల వాలు ఎంత ఉండాలో బాబా వీధిలో నిలబడి చెప్పాడు. ‘నీ చెయ్యి కనిపిస్తోంది, ఇంకొంచెం తిప్పు’ అంటాడు, మేం తిప్పుతాం. దారినపోయే పెద్దమనుషులు కూడా ఆగి, తలా ఒక సలహా పారేసి పోయారు. చివరికి పట్టీల బయటి అంచులు ఆకాశం వైపు లేచాయి. వీధిలోంచి చూస్తే లోపల ఏనుగున్నా తెలియదు. అందరూ మాషా అల్లా అన్నారు. ఆ సాయంత్రమే పిన్ని ఫ్లాస్కు పట్టుకుని పైకెక్కింది. కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ తుపాకి ఇంకా రాలేదు.

బడి పరీక్షలు బాగా రాస్తే గాలితుపాకి కొనిస్తానని బాబా పాపకు మాటిచ్చాడు. శుక్రవారాలు ఊరి బయట తోటలో చుట్టాల పిల్లలంతా డబ్బాలు కొడుతుంటే ఈ పిల్ల చూస్తూ కూర్చునేది. రియాద్ షాపుకి నన్ను సలహాదారుగా కూడా తీసుకెళ్లారు. ఒకసారి తిరుణాలలో బెలూన్లు కొట్టానని పాపతో గొప్పలు చెప్పుకున్నాను, అదీ నా అర్హత. ఆ బెలూన్లు నా గురికి పగిలాయో, ఎండకు పగిలాయో ఇప్పటికీ తెలియదు.

బాబా కళ్లు ఒక నల్లటి పొడుగాటి తుపాకి మీద పడ్డాయి. పైన దుర్బీను కూడా ఉంది. ఖాళీదే అయినా, పాప దాన్ని ఎత్తబోయేసరికి గొట్టం మెల్లగా వాలి షాపువాడి పాదాల వైపు దిగింది. అతను మర్యాదగా పక్కకు జరిగాడు.

‘ఇది బిడ్డకా, నీకా?’ అంది మాతో వచ్చిన యుమ్మా.

‘పెరుగుతుంది కదా, యుమ్మా.’

‘అయితే చెప్పులు కూడా నీ కొలతవే కొనివ్వు. తుపాకి బిడ్డ భుజానికి సరిపోవాలి, తండ్రి మీసానికి కాదు.’

చెక్క పిడి ఉన్న చిన్నదాన్ని ఆవిడే దింపించింది. పాప దాన్ని భుజానికి ఆనించి, షాపువాడు పోసిచ్చిన ఖహ్వాను, అదే అరబ్బీ కాఫీని, యుమ్మా నింపాదిగా తాగి గిన్నె కింద పెట్టేదాకా వణక్కుండా నిలబడింది. ‘ఇదీ’ అంది యుమ్మా. దుర్బీను వద్దంది, ఉంటే కన్ను బద్ధకిస్తుందట. నన్ను కూడా అడిగారు. బెలూన్లయితే చెప్పగలనన్నాను.

ఇంటికి రాగానే యుమ్మా తుపాకినీ గుళ్లనూ తన బీరువాలో పెట్టి తాళం వేసింది. ప్రాణమున్న దేనివైపూ తిప్పకూడదు, తోటలో తండ్రి పక్కనుంటేనే బయటికి తీయాలి, అంతదాకా వట్టి చేతులతో అభ్యాసం. ఇక పాప ఎడమ చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునీ గురిపెట్టేది. నేను రోజుకు ఎన్నిసార్లు చచ్చానో లెక్కలేదు.

ఈలోగా పక్కింట్లోకి మనుషులు దిగారు. వాళ్లమ్మాయి పాప తరగతే. తుపాకి గొప్పలు చెప్పుకోవడానికి పాప అక్కడికెళ్లింది. తిరిగి వచ్చేసరికి అందరూ హాల్లో కూర్చుని ఖహ్వా తాగుతున్నారు, నేను నీళ్ల సీసాల అట్టపెట్టెలు మోస్తున్నాను. పాప ఒక కన్ను మూసి, వట్టి చేతులెత్తి, ‘వాళ్ల పైకిటికీలోంచి పిన్ని ఫ్లాస్కుకి గురిపెట్టాను, తగిలింది. తర్వాత జుట్టు ముడికి పెట్టాను, అదీ తగిలింది’ అంది.

బాబా చేతిలో గిన్నె నోటిదాకా వెళ్లకుండా ఆగింది. మేడమ్ పిన్నిని చూసింది. గుమ్మంలో ఉన్న పిన్ని చెయ్యి దానంతటదే తలగుడ్డ మీదికి పోయింది. సినిమాల్లో అయితే ఇక్కడ ఉరుము ఉరుముతుంది. మా ఇంట్లో ఫ్రిజ్ మోటారు ఆగింది.

యుమ్మా తన అరచేతిని ఏటవాలుగా పట్టుకుని ఒకసారి కిందనుంచి, ఒకసారి పైనుంచి చూసుకుంది. ‘కింద మూశారు, పైకి తెరిచారు’ అంది. నిజానికి చూసుకోవలసింది ఆ కిటికీలోంచే. కానీ పొరుగింటి తలుపు తట్టి, మా ఆడవాళ్లు మీకెంత కనపడతారో ఒకసారి చూసుకుంటామండీ అని ఏ మగవాడు అడుగుతాడు? అందుకే ఊరంతా దడుల్ని వీధిలోంచే చూసుకుని తృప్తిపడుతుంది.

పిన్ని వంటింట్లోకి వెళ్లి గరిట పట్టుకుని నిలబడింది. ‘ఎవరు చూశారో, ఎన్నాళ్లు చూశారో. మేడా పోయింది, పరువూ పోయింది. ఇంక నేనుండన్రా’ అంది. నా దగ్గర ఒక హాస్యం సిద్ధంగానే ఉంది. ఆవిడ చేతిలో గరిట కూడా ఉంది.

యుమ్మా పైన నల్లటి అబాయా తగిలించుకుని, పాపను వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్లింది. తిరిగి వచ్చి నేరుగా వంటింట్లోకే నడిచి, పిన్ని చేతిలో గరిట తీసి పక్కన పెట్టింది. ఆ పైగదిలో బియ్యం బస్తాలు తప్ప ఏమీ లేవట. దిగిన రోజునే ఇక్కడ జుట్టు ఆరబెట్టుకుంటున్న మనిషిని చూసి, ఆ ఇంటి పెద్దావిడ గదికి తాళం వేసి, తాళంచెవి మెళ్లో వేసుకుందట. మగవాళ్లు గడప తొక్కలేదు. మాకు చెబితే మేం సిగ్గుపడతామని చెప్పలేదు. ఈరోజు పిల్లలిద్దరూ బతిమాలి తాళం తీయించుకున్నారు. ‘ఇంకో మాట అడిగింది. మధ్యాహ్నం పూట మీ వంటింట్లోంచి వచ్చే ఆ వాసన ఏమిటని’ అంది యుమ్మా.

అది ఇంగువ తాలింపు. పిన్ని కింద కూలబడి, ‘హమ్మయ్య, నా తల్లే’ అని ఏడ్చి, అదే ఊపులో నవ్వేసింది. నేను గరిట అందకుండా ఇంకాస్త దూరం జరిపాను.

ఆ శుక్రవారం నేనూ భాయ్ పట్టీలన్నీ విప్పి తిరగేశాం, బయటి అంచులు నేలకేసి. పెద్దావిడ అనుమతితో పాప పైకిటికీలో వేలు చాచి నిలబడింది. పిన్ని తలగుడ్డ గట్టిగా కట్టుకుని, ఫ్లాస్కుతో సహా మేడ నడిమధ్యన కూర్చుంది. ఒక్కో వరుస బిగించినప్పుడల్లా పాపను అడుగుతున్నాం. ‘మూత కనపడతంది!’ అని ఒకసారి. ‘చెయ్యి!’ అని ఇంకోసారి. చివరి వరుస బిగిశాక, ఖర్జ్ ఆకాశం కింద ఏనాడూ వినపడని ఒక కేక గోడ దాటి వచ్చింది: ‘ఏం కనపట్టల్లేదండీ పిన్నీ!’

కిందనుంచి బాబా మాత్రం, తనకు సందుల్లోంచి ఆకాశం కనిపిస్తోందని ఫిర్యాదు చేశాడు. ‘ఆకాశానికి ముసుగు అక్కర్లేదు, లోపలికి రా’ అంది యుమ్మా.

తోటలో పాప మొదటి డబ్బా పడగొట్టింది. గాలికి పడిందని చుట్టాల పిల్లలు, గురికి పడిందని మేము. పిన్ని ఎగ్జిట్ అడగలేదు. దడి తిరగేసిన మరుసటి సాయంత్రం మేడమీద జుట్టు విరబోసుకుని ఫోన్ చేస్తే, ‘వెనకాల అంత వెలుతురేంటే అమ్మా?’ అందట కూతురు. నేను జెద్దా వచ్చేదాకా నాకు పులుసుకు లోటు రాలేదు.

కాలం అన్నిటినీ కప్పేస్తుందంటారు. ఖర్జ్‌లో దానికంటే ముందు దుమ్ము కప్పేస్తుంది. ఏటవాలు పట్టీలను వారానికోసారి పొడి బ్రష్షుతో దులపాలి. తడిగుడ్డ పెడితే బురదవుతుంది.