అక్క గుండ్ల దండ, బావ షేర్లు

ప్రియులారా, మా బావ పోయిన మంగళవారం పొద్దున, చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. న్యాల్‌కల్ నుంచి, రాయికోడ్ నుంచి కూడా జనం వచ్చారు. ఏళ్ల తరబడి ఊరూరా వాక్యం చెబుతున్న నాకు అంత జనం ఎన్నడూ కూడలేదు. సమాధి దగ్గర నిలబడి ప్రార్థన చేస్తూనే, ఒక కన్ను తెరిచి ఆ తలలన్నీ చూశాను. కడుపు మండింది.

ఆయన మా అక్క భర్త, మిషన్ బడిలో లెక్కల పంతులు. పెన్షన్ లేని నౌకరీ. అందుకే వయసులో ఉండగానే హైదరాబాదులోని ఒక బట్టల మిల్లు షేర్లు కొన్నారు. వాటి మీద ఏటా వచ్చే లాభంతో అక్క మెడలోని దండకు ఒక బంగారు గుండు కలిపేవారు. యాభై దాటాక షేర్లే కొన్ని కొన్ని అమ్మి గుండ్లు కొంటూ పోయారు. ఆదివారం నా బోధ ముగియగానే జనం నన్ను దాటుకుని ఆయన చుట్టూ చేరేవారు.

"పంతులుసాబ్, బంగారం మంచిదా, షేర్లు మంచియా?"

"రెక్కల్ల బలమున్నప్పుడు షేర్లు పెరగనియ్యి. నౌకరీ దిగే రోజు దగ్గరపడుతుంటె దండ బరువెక్కాలె. అంతా ఒక్కదాంట్లనే పెడితె నిద్ర పట్టది."

నేను మధ్యలో దూరి, భూమ్మీద దాచిన ధనాన్ని తినేసే చిమ్మెట సంగతీ తుప్పు సంగతీ ఎత్తేవాణ్ణి. ఆయన నవ్వి, "బామ్మర్దీ, కరువు రాకముందే యోసేపు గాదెలు నింపుకున్నది పాపమంటవా?" అనేవారు. అందరూ నవ్వేవారు.

ఆయన రిటైరు కావడానికి ముందటేడు కోత పండుగ వచ్చింది. ఆ రోజు మా గుడిలో జొన్న బస్తాలు, కోడిపుంజులు, చెరుకు గడలు, ఏది కానుకగా వచ్చినా అక్కడే వేలం వేస్తారు. బోధ నాది. పరలోకంలో ధనం దాచుకోండని నిప్పులు కురిపించాను. కానుక పళ్ళెం తిరిగి వచ్చేసరికి అందులో మా అక్క దండ ఉంది. ఒక్క గుండూ తీయకుండా మొత్తం వేసేసింది. అంతటి ప్రసంగం నేను మళ్ళీ చేయలేదు.

బావ ముఖం పాలిపోయింది. వాళ్ళ ముసలితనపు కూడు సగం ఆ దండలోనే ఉంది. సంఘ పెద్ద దండ పైకెత్తగానే, "మూడు నూర్లు" అన్నారు బావ. ఎవరూ పోటీకి రాలేదు. పంతులుకు చౌకగా దక్కాలని గుడంతా నోరు మూసుకుంది.

"నాలుగు నూర్లు," అన్నారు బావే మళ్ళీ.

"ఏంది పంతులూ, నీ పాట మీద నువ్వే పాడుతున్నవ్?" అన్నాడు పెద్ద.

"దాని కిమ్మతు నాకెర్కనే గద. నేను అగ్గువకు పట్టుకపోతె, ఆమె దేవునికిచ్చింది తక్కువైతది."

అలా తన మీద తానే పాడుకుంటూ పోయి, కంసాలి కట్టే ధర దగ్గర ఆగారు. మిగిలిన షేర్లన్నీ అమ్మి ఆ పైకం కట్టారు. తరాజు బంగారం వైపే ఒరిగింది. దాన్ని సరిచేయడానికి రిటైరయ్యాక అరుగు మీద పిల్లలకు లెక్కలు చెప్పి, మళ్ళీ కొద్దికొద్దిగా షేర్లు కొన్నారు. ఆ అరుగు కూడా రోజూ నిండేది.

మా ఊరు చిరాగ్‌పల్లిలో ఇప్పటికీ ఆ వేలం గురించే చెప్పుకుంటారు. నేనేం బోధించానో అడిగితే ఒక్కరికీ గుర్తులేదు. తప్పిపోయి తిరిగొచ్చిన తమ్ముడికి విందు జరుగుతుంటే అన్న అసూయతో గుమ్మం బయటే నిలిచిపోయిన ఉపమానం ఎన్నోసార్లు చెప్పాను. అక్కడ నిలబడితే కాళ్ళు ఎంత గుంజుతాయో నాకు బాగా తెలుసు.

నిన్న అక్క కంసాలి దగ్గరికి తోడు రమ్మంది.

"అక్కా, ఖర్చులకు నేను లేనా?" అన్నాను.

"నీ సంచిల వాక్యం తప్ప ఏముందిరా? షేర్ల పైసలు వచ్చేదాంక ఒక్క గుండు అమ్మితె చాలు. మీ బావ అన్నీ ముందుగాలనే చెప్పి పోయిండు."

కంసాలి ముందు తనే ముడి విప్పింది. ఒక గుండు తక్కెడలోకి జార్చి, దారం మళ్ళీ బిగించి, దండ మెడలో వేసుకుంది. పైకం కొంగున కట్టుకుని, నాకోసం ఆగకుండా బజారు మధ్యలో నడిచి వెళ్ళింది. నా బోధ వినడానికి ఎన్నడూ అంత నిటారుగా నడిచి రాలేదు.